ఆంగ్ల పదాలలో రేఫ: పిల్లలకు వర్ణక్రమం నేర్పడం ఎలా?

భాషాభ్యాసానికి వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం అని నాలుగు మెట్లు ఉన్నవని ఉపాధ్యాయ శిక్షణలో మొదటి పాఠంగా చెబుతారు. మొదటి మూడు మెట్లు ఎలాగో ఎక్కిన పిల్లలు నాలుగవ మెట్టు దగ్గర తడబడడం మనం తరచుగా చూస్తున్నాము. ఆంగ్లం విషయంలో ఈ తడబాటు మరీ ఎక్కువ. నోటితో చక్కగా చెప్పిన మాటనే నోటు పుస్తకంలో వ్రాయమంటే పిల్లవాడు పెన్సిలు కొరుకుతూ కూర్చుంటాడు. అయితే ఈ ఇబ్బంది అన్ని మాటలలోనూ సమానంగా ఉండదు. క్యాట్, పెన్, బస్ వంటి మాటలు కొద్ది రోజులలోనే పట్టుబడతాయి. బర్డ్, వర్క్, లెర్న్, డాక్టర్ వంటి మాటలు మాత్రం నెలలు గడిచినా లొంగవు. ఈ రెండవ రకం మాటలన్నింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉన్నది. వాటిలో అచ్చు వెంటనే రేఫ, అనగా ఆర్ అనే అక్షరం, వస్తుంది. ఆ రేఫ తన ముందున్న అచ్చు యొక్క సహజ ధ్వనిని మార్చివేస్తుంది. ఇట్టి మాటల వర్ణక్రమం, అనగా వాడుకలో మనం స్పెల్లింగు అనేది, పిల్లలకు నేర్పే మార్గాన్ని ఈ వ్యాసంలో వివరించదలచుకొన్నాము.

ఇది కేవలం ఉపాధ్యాయులకు సంబంధించిన విషయం కాదు. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఇంట్లో ఒక్క ఆంగ్ల పుస్తకమైనా లేని పిల్లలు, తల్లిదండ్రులలో ఎవ్వరూ బడి ముఖం చూడని పిల్లలు, చిన్న తరగతులలోనే ఈ మాటలను ఎదుర్కొంటున్నారు. అట్టి పిల్లవాని పుస్తకంలో ఎర్రసిరా గీతలు నిండిపోయినప్పుడు, వానికి చదువు రాదని చుట్టుపక్కలవారు నిర్ణయిస్తారు. కొన్నాళ్ళకు వాడూ ఆ మాట నమ్ముతాడు. మన కళాశాల విద్యార్థులలో పలువురు సాయంకాలం ఇరుగుపొరుగు పిల్లలకు చదువు చెబుతున్నారు. కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందరూ గురువులే. కావున ఆ ఎర్రగీత గీయడానికి ముందు, పిల్లవాడు ఎందుకు అలా వ్రాశాడో తెలిసికొనడం మనందరి బాధ్యత.

తప్పు ఎక్కడ పుడుతున్నది?

ఆంగ్లంలో ఒక్క ధ్వనిని గమనించండి. హర్ (ఆమె యొక్క) అనే మాటలో ఈ-ఆర్ ఉన్నది. బర్డ్ (పక్షి) అనే మాటలో ఐ-ఆర్ ఉన్నది. టర్న్ (తిరుగు) అనే మాటలో యూ-ఆర్ ఉన్నది. వర్డ్ (పదం) అనే మాటలో ఓ-ఆర్ ఉన్నది. లెర్న్ (నేర్చుకొను) అనే మాటలో ఈ-ఏ-ఆర్ ఉన్నది. జర్నీ (ప్రయాణం) అనే మాటలో ఓ-యూ-ఆర్ ఉన్నది. మన నోట కొన్ని 'అర్' గాను, కొన్ని 'ఎర్' గాను పలికినా, దక్షిణ ఇంగ్లండు వారి నోట ఈ ఆరింటిలోనూ అచ్చు ఒక్కటే. ఒక ధ్వనికి ఆరు వేషాలు. ఏ మాటకు ఏ వేషమో చెవి చెప్పలేదు.

ఒకప్పుడు ఈ పరిస్థితి లేదు. పూర్వపు ఆంగ్లంలో ఈ-ఆర్, ఐ-ఆర్, యూ-ఆర్ అనేవి మూడు వేర్వేరు ధ్వనులు. వ్రాసినట్లే పలికేవారు. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత, మాటల రూపాలు క్రమంగా కాగితం మీద స్థిరపడసాగాయి. నోటి పలుకు మాత్రం మారుతూనే ఉన్నది. 17, 18 శతాబ్దాలలో దక్షిణ ఇంగ్లండులో ఆ మూడు ధ్వనులూ ఒకటైపోయాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువును ప్రకటించే నాటికి అచ్చులో పాత రూపాలే పాతుకొని ఉన్నవి. స్కాట్లండులో కొందరి పలుకులో ఈ భేదం నేటికీ నిలిచి ఉన్నది. అనగా మన పిల్లవాడు నేడు వ్రాయవలసింది తన చెవికి వినబడే ధ్వనిని కాదు. కొన్ని వందల ఏండ్ల క్రిందట ఎవరో పలికిన ధ్వనిని.

సూత్రాలన్నీ బట్టీపట్టిస్తే సరిపోదా అని కొందరు అడుగవచ్చు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ హన్నా, ఆయన సహచరులు 17,000కు పైగా ఆంగ్ల పదాలను తీసికొని, ధ్వనిని బట్టి వర్ణక్రమాన్ని నిర్ణయించే సూత్రాలను కంప్యూటరుకు ఇచ్చి చూశారు. ఆ యంత్రం తప్పు లేకుండా వ్రాయగలిగినవి ఇంచుమించు సగం పదాలు మాత్రమే. సగం వచ్చినవి కనుక సూత్రాలు పనికిరానివి కావు. సగమే వచ్చినవి కనుక అవి చాలవు. ఈ రెండు మాటలనూ ఉపాధ్యాయుడు గుర్తుంచుకొనవలె.

మన రెండు భాషల సాక్ష్యం

ధ్వనులు కలిసిపోయి అక్షరాలు మిగిలిపోవడం ఆంగ్లేయుల సొంత వింత కాదు. తెలుగులో రేఫకే ఈ చరిత్ర ఉన్నది. గుఱ్ఱము, చెఱువు, ఎఱుపు, మఱి అనే మాటలలో మన పూర్వులు శకటరేఫను, అనగా బండి 'ఱ'ను వ్రాసేవారు. ఒకప్పుడు అది సాధురేఫకు భిన్నమైన ధ్వని. కాలక్రమాన రెండూ నోట ఒకటైనవి. ఆ తరువాత కూడా చాలాకాలం పండితులు ఏ మాటలో ఏ రేఫో పట్టికలు చూచి నేర్చుకొన్నారు. చెవి సహాయపడలేదు కనుక కంటినే నమ్మవలసి వచ్చింది. చివరకు వాడుక భాష బండి 'ఱ'ను విడిచిపెట్టి మన పిల్లల భారం తగ్గించింది. ఆంగ్లం అట్టి భారాన్ని దించుకొనలేదు.

ఉర్దూ చదివిన మిత్రులకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. సవాల్ సీన్‌తో, సబ్ర్ స్వాద్‌తో, సవాబ్ సేతో వ్రాస్తారు. నోట మూడూ 'స' కారమే. అరబ్బీలో అవి మూడు ధ్వనులు. ఉర్దూ నోట ఒకటైనా, లిపి మాత్రం మాట పుట్టిన ఇంటిని గుర్తు చేస్తూనే ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లవాడు మాట యొక్క రూపాన్ని రూపంగానే గుర్తుంచుకొనే అలవాటు చిన్ననాడే సంపాదించాడు. ఆంగ్ల వర్ణక్రమానికి కావలసిన అలవాటు సరిగ్గా అదే.

అయితే ఈ రెండు లిపుల పిల్లలూ ఒకే తప్పు చేయరు. తెలుగు లిపిలో ప్రతి హల్లుకూ అచ్చు అంటి ఉంటుంది. 'బ' అంటే అందులో 'అ' ఉన్నట్లే. శర్మ, వర్మ అనే పేర్లను ఆంగ్లంలో ఏ-ఆర్‌తో వ్రాయడం వానికి పరిచితం. కనుక బర్డ్ అనే మాటను విన్న తెలుగు పిల్లవాడు బి-ఏ-ఆర్-డి అని వ్రాస్తాడు. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. జబర్, జేర్, పేష్ అనే గుర్తులు చదువరి మనసులోనే ఉంటాయి. బే, రే, డాల్ అని మూడు అక్షరాలు వ్రాస్తే బర్డ్ అవుతుంది. కనుక ఆ పిల్లవాడు బి-ఆర్-డి అని వ్రాస్తాడు. ఒకడు తప్పుడు అచ్చును పెట్టాడు. మరొకడు అచ్చును విడిచాడు. ఇద్దరూ తమ తమ లిపులకు విధేయులే. మొదటివానికి "నీవు విన్న అచ్చు ఇక్కడ వేరే అక్షరంతో వస్తుంది" అని చెప్పవలె. రెండవవానికి "ఇక్కడ అచ్చును దాచకూడదు, బయటపెట్టవలె" అని చెప్పవలె. ఇద్దరికీ ఒకే మందు వేసే ఉపాధ్యాయుడు ఒకనికైనా అన్యాయం చేసినట్లే.

మన పలుకులో ఒక సదుపాయం కూడా ఉన్నది. 18వ శతాబ్దం చివరి నుండి లండను ప్రాంతపు పలుకులో, అచ్చు ముందు తప్ప తక్కిన చోట్ల రేఫ లోపించింది. అందువలన అక్కడి పిల్లలు న్యాయస్థానమనే అర్థంగల కోర్ట్‌ను, పట్టుకొన్నారనే అర్థంగల కాట్‌ను ఒకే విధంగా పలికి, వ్రాతలో తికమకపడతారు. మనం రేఫను స్పష్టంగా పలుకుతాము. కోర్టు అన్నప్పుడు ఆర్ అక్షరం మన పిల్లల చేతి నుండి జారిపోదు. కనుక ఆంగ్లేయుల వలె పలకడం లేదని పిల్లలను చిన్నబుచ్చనక్కరలేదు. మనకున్న చిక్కు రేఫతో కాదు, దాని ముందున్న అచ్చుతో మాత్రమే.

ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్కసారి

ఈ-ఆర్, ఐ-ఆర్, యూ-ఆర్ మూడింటినీ ఒకే రోజున నల్లబల్ల మీద వ్రాసి, "ఇవన్నీ ఒకటే ధ్వని" అని చెప్పడం చాలాచోట్ల చూస్తున్నాము. ఆ రోజుతో పిల్లవానికి మూడూ కలిసిపోతాయి. ఒక కుటుంబం పూర్తిగా పట్టుబడిన తరువాతనే రెండవదానిని పరిచయం చేయవలె. ఒక్కొక్క కుటుంబానికి ఒక గుర్తు ఉండవలె.

ఐ-ఆర్ కుటుంబంలో ఒంటి మీద ధరించేవి రెండు: షర్ట్, స్కర్ట్. ఈ రెండు మాటలూ ఒకే పాత జర్మానిక్ మూలం నుండి పుట్టిన అక్కచెల్లెళ్ళు. లెక్కలోనివి నాలుగు: ఫస్ట్, థర్డ్, థర్టీన్, థర్టీ. తక్కినవి బర్డ్, గర్ల్, బర్త్, డర్టీ, సర్కిల్. వీటిలో థర్డ్ అనే మాట త్రీ నుండి వచ్చినది. పాత రూపంలో రేఫ ముందు, అచ్చు వెనుక ఉండేవి. తరువాత అవి చోటు మార్చుకొన్నవి. బర్డ్ కూడా అట్లే పూర్వం బ్రిడ్ అని ఉండేది. వారణాసి బనారస్ అయినట్లే ఇదీ వర్ణవ్యత్యయం. ఈ ముచ్చట చెబితే పిల్లలు ఐ-ఆర్‌ను మరువరు.

యూ-ఆర్ కుటుంబానికి మన ఇంటి గుర్తులు ఉన్నవి. పెరుగు అంటే కర్డ్. పసుపు అంటే టర్మరిక్. రెండింటిలోనూ యూ-ఆర్. కాలడం బర్న్, తిరగడం టర్న్, గాయం హర్ట్, నర్సు, పర్సు, వారాలలో థర్స్‌డే, సాటర్‌డే, అన్నీ యూ-ఆర్. మన కర్నూలు పేరును ఆంగ్లంలో ఎలా వ్రాస్తారో పిల్లలను అడగండి. కె-యూ-ఆర్ అనే మొదలుపెడతారు. నాటి ఆంగ్లేయులు మన 'కర్' ధ్వనిని విని, తమ కర్డ్‌లో ఉన్న అక్షరాలనే వాడుకొన్నారు. ఊరి పేరు తెలిసిన పిల్లవానికి యూ-ఆర్ ఎక్కడిదో వెదకనక్కరలేదు.

ఈ-ఏ-ఆర్ అనే మూడక్షరాల కుటుంబం అన్నింటికంటె చిక్కైనది. ఇది నాలుగు విధాల పలుకుతుంది. ఇయర్, హియర్, నియర్, ఫియర్ అనే మాటలలో ఒక విధం. ఎలుగుబంటి అనే అర్థంగల బేర్, ధరించు అనే అర్థంగల వేర్, ఒక పండు పేరైన పేర్ అనే మాటలలో రెండవ విధం. ఎర్త్, లెర్న్, ఎర్లీ అనే మాటలలో మూడవ విధం. హార్ట్‌లో నాలుగవ విధం. అయినా ఇందులో ఒక క్రమం ఉన్నది. ఈ-ఏ-ఆర్ తరువాత మరొక హల్లు వస్తే, చాలావరకు అది మూడవ విధంగానే పలుకుతుంది. హార్ట్ (గుండె), హార్త్ (పొయ్యి దగ్గరి చోటు), బియర్డ్ (గడ్డం) అనేవి ఈ నియమానికి లోబడనివి.

మూడవ విధం మాటలను గుర్తుంచుకొనడానికి ఒక తెలుగు వాక్యం చెబుతాము: "పెందలకడనే లేచి, నేల మీద ముత్యాన్ని వెదకి, విద్య నేర్చినవాడు సంపాదించాడని విన్నాము." ఇందులో ఎర్లీ, ఎర్త్, పెర్ల్, సెర్చ్, లెర్న్, ఎర్న్, హర్డ్ అనే ఏడు మాటలూ వరుసగా ఉన్నవి. ఏడింటిలోనూ ఈ-ఏ-ఆర్ ఉన్నది. ఇట్టి వాక్యాలను ఉర్దూలోనూ అల్లుకొనవచ్చు. పిల్లలు తామే అల్లుకొంటే మరీ మంచిది.

ఇక డబ్ల్యు అక్షరం చేసే మార్పు. దాని తరువాత ఓ-ఆర్ వస్తే 'అర్' అని పలుకుతుంది: వర్డ్, వర్క్, వరల్డ్, వర్మ్, వర్త్, వర్స్ట్. దాని తరువాత ఏ-ఆర్ వస్తే 'ఆర్' లేక 'ఓర్' వలె పలుకుతుంది: వార్, వార్మ్, వార్డ్, వార్న్. డబ్ల్యు అనే పేరుకే రెండు యూలు అని అర్థం. పాతకాలపు వ్రాతలో యూ అక్షరం నిలువు గీతల వలె ఉండేది. డబ్ల్యు పక్కన మరొక యూ వ్రాస్తే గీతలన్నీ కలిసిపోయి చదవడం కష్టమయ్యేది. అందుచేత లేఖకులు అక్కడ ఓ వ్రాయసాగారని పండితులు సాధారణంగా చెప్పే కారణం. వేర్ అనే క్రియకు భూతరూపాలైన వోర్, వోర్న్, ఖడ్గమనే అర్థంగల సోర్డ్ ఈ నియమానికి వెలుపలివి.

ఇచ్చట పొరపాటు అర్థాన్నే మార్చివేస్తుందని పిల్లలకు చూపవలె. పదం అని వ్రాయబోయి ఓ బదులు ఏ వ్రాస్తే అది ఆసుపత్రిలోని వార్డు అవుతుంది. తెలుగులో దరఖాస్తు ఫారం, కోళ్ళ ఫారం రెండింటినీ ఫారం అనే అంటాము. ఆంగ్లంలో మొదటిది ఓ-ఆర్, రెండవది ఏ-ఆర్. ఉద్యోగానికి దరఖాస్తు ఫారం కోరుతూ వ్రాసిన ఉత్తరంలో కోళ్ళ ఫారం కనబడితే, చదివిన అధికారి ఏమనుకొంటాడో చెప్పనక్కరలేదు. ఇట్టి తప్పులను నేటి సెల్‌ఫోను కూడా పట్టుకొనలేకపోవచ్చు. రెండూ నిజమైన మాటలే గదా!

మాట చివరి 'అరు'

డాక్టరు, టీచరు, డాలరు, సెంటరు, కలరు. తెలుగు ఈ మాటలన్నింటికీ ఒకే తోకను తగిలించింది. ఆంగ్లంలో అవి వరుసగా ఓ-ఆర్, ఈ-ఆర్, ఏ-ఆర్, ఆర్-ఈ, ఓ-యూ-ఆర్. ఉర్దూ లిపిలో డాక్టర్, టీచర్, డాలర్ అనే మాటల చివర రే అనే అక్షరం తప్ప అచ్చు కనబడదు. కావున ఇరువురు పిల్లలకూ ఇక్కడ చెవి పూర్తిగా చెయ్యి ఇస్తుంది.

దీనికి మూడు ఉపాయాలు ఉన్నవి. మొదటిది, మాట పుట్టుక. పని చేసేవానిని తెలిపే ఆంగ్ల ప్రత్యయం ఈ-ఆర్: టీచర్, రైటర్, ఫార్మర్, డ్రైవర్. లాటిన్ నుండి వచ్చిన ప్రత్యయం ఓ-ఆర్. ఏట్ అని ముగిసే క్రియల నుండి పుట్టినవి దీనిని గ్రహిస్తాయి: ట్రాన్స్‌లేటర్, ఆపరేటర్, క్రియేటర్. సి-టి అక్షరాల తరువాత కూడా చాలావరకు ఇదే: యాక్టర్, కలెక్టర్, కండక్టర్, ఇన్‌స్పెక్టర్. బస్సులో డ్రైవరుకు ఈ-ఆర్, కండక్టరుకు ఓ-ఆర్ అని చెబితే చిన్నపిల్లలకు చాలును.

రెండవది, మాట యొక్క బంధువులను పిలవడం. చివర అణిగిపోయిన అచ్చు, ఆ మాట నుండి పుట్టిన మరొక మాటలో బయటపడుతుంది. ఎడిటర్‌లో వినబడని ఓ, ఎడిటోరియల్‌లో వినబడుతుంది. మినిస్టర్‌లోని ఈ, మినిస్టీరియల్‌లో తెలుస్తుంది. గ్రామర్‌లోని ఏ, గ్రమాటికల్‌లో తెలుస్తుంది. సెంటర్ చివర ఆర్-ఈ ఎందుకో సెంట్రల్ చూపుతుంది. మన కళాశాల వర్ణనలో నిత్యం వినబడే మైనారిటీ అనే మాట మైనర్ నుండి వచ్చినది. పాపులారిటీ అనే మాట పాపులర్ నుండి వచ్చినది. తెలుగులో రెండూ 'ఆరిటీ' అనే వ్రాస్తాము. అయితే మొదటిదానిలో పెదవులు గుండ్రమవుతాయి, రెండవదానిలో విచ్చుకొంటాయి. మొదటిది ఓ-ఆర్, రెండవది ఏ-ఆర్. ఉపాధ్యాయుడు ఇట్టి జంటలను స్పష్టంగా పలికి వినిపిస్తే, పై తరగతుల పిల్లలు తామే క్రొత్త జంటలు వెదకి తెస్తారు.

మూడవది, మన భాషలతో చుట్టరికం. షుగర్ చివర ఏ-ఆర్ ఎందుకని పిల్లవాడు అడిగితే, ఆ మాట మన శర్కర నుండి బయలుదేరినదని చెప్పవచ్చు. పారసీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్ అయి, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లండు చేరింది. తెలుగు చక్కెర, ఉర్దూ శక్కర్ దాని దాయాదులే. శక్కర్‌లోని చివరి 'అ' కారాన్ని తలచుకొన్నవాడు షుగర్‌ను తప్పు వ్రాయడు.

ఒక చిన్న జాగ్రత్త. నోవా వెబ్‌స్టర్ 1828లో ప్రకటించిన నిఘంటువు ప్రభావంతో అమెరికావారు సెంటర్‌ను ఈ-ఆర్‌తో, కలర్‌ను యూ లేకుండా వ్రాస్తారు. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిషు పద్ధతిని అనుసరిస్తాయి. ఫోనులలో, అంగడి పలకల మీద రెండూ కనబడతాయి. అమెరికా రూపం వ్రాసిన పిల్లవానికి ఈ భేదం వివరించవలె గాని, అజ్ఞానమని కొట్టివేయరాదు.

ఏ నియమానికీ లొంగని మాటలు కొన్ని మిగులుతాయి. వాటిలో కల్నల్ అనే సైనిక పదవి పేరు చాలా విచిత్రమైనది. దాని వర్ణక్రమంలో రేఫ లేనే లేదు, రెండు ఎల్ అక్షరాలు ఉన్నవి. పలుకులో మాత్రం మొదటి ఎల్ చోట రేఫ ఉన్నట్లే. వ్రాత ఇటాలియన్ రూపాన్ని అనుసరించింది. పలుకు రేఫతో కూడిన పాత ఫ్రెంచి రూపాన్ని అనుసరించింది. మనం తెలుగులో కల్నల్ అంటాము. ఉర్దూలో కర్నల్ అంటారు. ఇంగ్లండు రెండుగా చీల్చుకొన్న మాటలో వ్రాతను తెలుగు, పలుకును ఉర్దూ పంచుకొన్నవి. మన తరగతిలో ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుంటే పూర్తి మాట తయారవుతుంది.

అభ్యాసం, దిద్దుబాటు

"వర్ణక్రమం దానంతట అదే అంటుకొంటుందా, నేర్పితే వస్తుందా" అనే ప్రశ్ననే పేరుగా పెట్టి మార్గరెట్ పీటర్స్ అనే విద్యావేత్త 1967లో ఇంగ్లండులో ఒక గ్రంథం ప్రకటించారు. పుస్తకాలు నిండిన ఇంటి పిల్లలకు కొంత దానంతట అదే అంటుకొనవచ్చు. మన పిల్లలలో ఎక్కువమందికి నేర్పితేనే వస్తుంది. బ్రిటిషు పాఠశాలలలో ప్రచారంలో ఉన్న ఒక పద్ధతి మనకు చక్కగా పనికివస్తుంది: చూడు, మూయు, వ్రాయు, సరిచూడు. పిల్లవాడు మాటను శ్రద్ధగా చూస్తాడు. రేఫ ముందున్న అచ్చు క్రింద గీత గీస్తాడు. చేతితో మూసివేసి, జ్ఞాపకం నుండి మాట మొత్తం వ్రాస్తాడు. తెరచి తానే సరిచూస్తాడు. అక్షరం అక్షరంగా చూచి వ్రాయడం ఇందులో పనికిరాదు. దానివలన చేయి మాత్రమే పని చేస్తుంది. బ్రతిమాలి పదిసార్లు వ్రాయించిన దానికంటె, జ్ఞాపకం నుండి మూడుసార్లు వ్రాసినది ఎక్కువకాలం నిలుస్తుంది.

వారానికి ఆరేడు మాటలు చాలును. అవి ఒకే కుటుంబానివి కావలె. వారం చివర విడి మాటలుగా కాక, చిన్న వాక్యాలలో డిక్టేషను చెప్పవలె. క్రొత్త కుటుంబం మొదలుపెట్టినా, పాత కుటుంబం నుండి రెండు మాటలు ప్రతి వారమూ కలపవలె. లేకుంటే నేర్చినది నెలలోపే మాసిపోతుంది.

దిద్దుబాటు విషయంలో మా మనవి ఒక్కటే. బి-ఏ-ఆర్-డి అని వ్రాసిన పిల్లవాడు నాలుగు అక్షరాలలో మూడు సరిగా వ్రాశాడు. మాటంతటినీ కొట్టివేస్తే ఆ మూడూ తప్పే అనుకొంటాడు. తప్పిన ఒక్క అక్షరం క్రింద మాత్రమే గీత గీసి, "ఇది షర్ట్ కుటుంబంలోది" అని గుర్తుచేస్తే చాలును. ఎక్కడ తప్పినదో తెలిసిన పిల్లవాడు మరల ప్రయత్నిస్తాడు. ఎక్కడ తప్పినదో తెలియనివాడు పుస్తకం మూసివేస్తాడు.

విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గానికి

ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదివే కళాశాలలు ఎక్కువ లేవు. ఈ పనికి మనకున్న అర్హత అదే. తెలుగు పిల్లవాని తప్పు తెలుగు విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. ఉర్దూ పిల్లవాని తప్పు ఉర్దూ విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. ఇద్దరూ కలిసి కూర్చుంటే ఒకరి లిపి మరొకరికి తెలిసి, ఇరువైపుల పిల్లలకూ న్యాయం జరుగుతుంది. వారానికి ఒక సాయంకాలం ఒక గంటసేపు సమీపంలోని బడిపిల్లలకు వర్ణక్రమం నేర్పే ఏర్పాటు చేయవలసిందిగా పాలకవర్గాన్ని కోరుతున్నాము. ఇందుకు ఒక గది, ఒక నల్లబల్ల, ఉచ్చారణ తెలిపే రెండు మంచి నిఘంటువులు, పైన చెప్పిన కుటుంబాల పట్టికలు వ్రాసి గోడకు తగిలించడానికి కొన్ని అట్టలు కావలె. ఇది పెద్ద ఖర్చు కాదు. పట్టికలు తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి తయారుచేయగలరు.

విద్యార్థి మిత్రులు మాత్రం ఆ ఏర్పాటు జరిగే వరకు ఆగనక్కరలేదు. ఇంటిలో ఒక్క తమ్మునికో, చెల్లెలికో ఈ వారం యూ-ఆర్ కుటుంబాన్ని నేర్పి చూడండి. పెరుగు, పసుపు, కర్నూలు అని మొదలుపెట్టండి. వాడు వ్రాసిన తప్పును చూచి నవ్వక, అందులో ఏ లిపి నీడ పడినదో గమనించండి. పిల్లవాడు మొద్దు కాదని, తన చెవికి వినబడినదానిని నిజాయితీగా వ్రాశాడని మీకే తెలుస్తుంది. చెవి చేయలేని పనిని కన్నుకు, చేతికి, మాట యొక్క బంధువర్గానికి అప్పగించడమే ఈ బోధనలోని కీలకం. అది తెలిసిన ఉపాధ్యాయుని చేతిలో ఎర్రసిరా బెదిరింపుగా కాక, దారి చూపే గుర్తుగా మారుతుంది.